జపాన్ కొండల్లో పండిన ఆర్గానిక్ టీ: ఎలా కాయాలి? అంత ధర దేనికి?

ప్రశ్న (రాజమండ్రి నుంచి)

మా అన్నయ్య జపాన్ నుంచి వస్తూ 100 గ్రాముల గ్రీన్ టీ పొట్లం తెచ్చాడు. షిజుఓకా వైపు కొండల్లో ఒక కుటుంబం సొంతంగా పండించి, తయారుచేసి అమ్మే ఆర్గానిక్ సెంచా అట. 1,500 యెన్లు పెట్టి కొన్నాడు. అమ్మ మన టీ పెట్టినట్టే గిన్నెలో నీళ్లు తెర్లించి, రెండు చెంచాలు వేసి ఐదు నిమిషాలు మరగబెట్టింది. వేపాకు కషాయంలా దిగింది. పాలు పోసి చూస్తే ఇంకా పాడైంది. పారబోశాం. అంత దూరం నుంచి మోసుకొచ్చినందుకు అన్నయ్య చిన్నబుచ్చుకున్నాడు, నాకూ బాధగానే ఉంది.

ఇంకా ముప్పాతిక పొట్లం మిగిలింది. ఎలా కాయాలి? ఆ ధర నిజంగా ఆకుకేనా, లేక ఆర్గానిక్ అన్న మాటకా? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1 (హమమత్సు నుంచి)

మీ పొట్లం ఎవరి తోటదో నాకు తెలియదు కానీ, అలాంటి తోట ఒకటి బాగా తెలుసు. మాది తెనాలి. మావారి ఉద్యోగం వల్ల ఎనిమిదేళ్లుగా ఇక్కడ, షిజుఓకాలోనే ఉన్నాం. ఓయి నది వెంట పైకి వెళ్తే కవానె అనే కొండ ప్రాంతం వస్తుంది. అక్కడ ఒక ఇంటివాళ్ల తోటకి ఆరేళ్లుగా మే సెలవుల్లో పనికి వెళ్తున్నాను. పేర్లు వద్దు. పెద్దాయన, మామ్మగారు, కొడుకు, కోడలు అంటాను.

ముందు కాయడం చెప్తాను, మిగిలిన ఆకైనా దక్కాలి. నీళ్లు తెర్లనివ్వండి, కానీ తెర్లే నీళ్లు ఆకు మీద పోయకండి. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి రెండు మూడు సార్లు మార్చండి. మార్చినప్పుడల్లా పది డిగ్రీల దాకా తగ్గుతుంది. 70 డిగ్రీల దగ్గరకి వచ్చాక, రెండు టీస్పూన్ల ఆకు మీద ఒక గ్లాసు నీళ్లు పోసి, మూత పెట్టి ఒక్క నిమిషం ఆగండి. కలపొద్దు. ఆఖరి చుక్క దాకా వడకట్టేయండి, అడుగున నీళ్లు ఉండిపోతే రెండోసారికి చేదెక్కుతుంది. సెంచాలో తియ్యదనం ఇచ్చేది థియనిన్, అది వెచ్చటి నీళ్లలో కూడా దిగుతుంది. చేదు, వగరు ఇచ్చే కెఫీన్, కాటెకిన్లు వేడి పెరిగేకొద్దీ ఎక్కువగా దిగుతాయి. అమ్మగారు ఐదు నిమిషాలు మరిగించారు కాబట్టి అవన్నీ వచ్చేశాయి. ఆవిడ తప్పేం లేదు, మన టీపొడికి అదే పద్ధతి.

ఇక ధర. ఐదు కిలోల పచ్చాకు కోస్తే సుమారు ఒక కిలో టీ వస్తుంది. మీ పొట్లంలో అరకిలో చిగురు ఉందన్నమాట. ఆ చిగురు ఏటవాలు కొండ మీద కోసింది. కొడుకు ఒక పక్క, కోడలు ఒక పక్క పట్టుకుని పొదల వరస మీదుగా నడిపే మిషను ఉంటుంది. విల్లులా వంగిన కత్తెర, దాని వెనక పొడుగాటి గుడ్డ సంచి. కోసిన చిగుళ్లు గాలి ఊపుకి సంచిలోకి ఎగిరి పడతాయి. ఆ సంచి కొస పట్టుకుని వెనక నడవడం నా పని. వరస సగానికి వచ్చేసరికి సంచి బరువెక్కి, చేతికి వెచ్చగా తగులుతుంది. కోశాక కూడా ఆకు ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, అందుకే ఆ వేడి. కుప్పగా వదిలేస్తే లోపల కమిలిపోతుంది. ఏ రోజు కోసింది ఆ రోజే ఆవిరి పట్టి, పులియకుండా ఆపాలి. తర్వాత నలపడం, ఆరబెట్టడం, మళ్లీ నలపడం. మేలో ఆ ఇంటి షెడ్డులో అర్ధరాత్రి దాటాక కూడా దీపం వెలుగుతూనే ఉంటుంది. ఆర్గానిక్ ఆకు వేరే ఆకుతో కలవకూడదు కాబట్టి ఊరి ఫ్యాక్టరీకి వేసేసి పడుకునే వీలు వాళ్లకి లేదు.

దక్షిణాన కగోషిమాలో చదునైన తోటలు ఎక్కువ. ఒక్క మనిషి కూర్చుని నడిపే పెద్ద యంత్రాలతో కోసేస్తారు. 2024లో టీ ఉత్పత్తిలో కగోషిమా మొదటిసారి షిజుఓకాని దాటేసింది. ఆ వార్త ఉన్న పేపర్ ముక్క కత్తిరించి పెద్దాయన వంటింటి గోడకి అంటించారు. ఎందుకని నేను అడగలేదు.

ఆర్గానిక్ అంటే మందులు కొట్టకపోవడం ఒక్కటే అనుకునేదాన్ని. అసలు కష్టం కలుపు. కోతకి ముందు మూడు నాలుగు రోజులు పొదల్లోకి అల్లుకున్న తీగల్ని చేత్తో లాగాలి. హెకుసోకజురా అని ఒక తీగ ఉంటుంది, ఆకు నలిగితే కుళ్లు కంపు. టీ పొద లోపలి నుంచి పైకి వచ్చి, చిగుళ్ల మధ్య చిగురులా కలిసిపోతుంది. మొదటి ఏడాది నేను చూసిన వరసలో ఒక తీగ ఉండిపోయింది. మిషను దాన్ని కూడా కోసేసింది. మామ్మగారు నన్ను ఒక్క మాట అనలేదు. సంచి మొత్తం గోనెపట్టా మీద గుమ్మరించి, ముక్కుతో వాసన చూస్తూ ముక్క ముక్క ఏరారు, పక్కనే కూర్చుని నేనూ ఏరాను. మధ్యాహ్నం భోజనం మూడింటికి తిన్నాం. ఆ తర్వాత నా కన్ను ఒక్క తీగని వదల్లేదు.

ఎరువుగా ఆవచెక్క, తవుడు వేస్తారు. శీతాకాలంలో కొండ పక్కల్లో సుసుకి గడ్డి కోసి, మోపులు కట్టి ఎండబెట్టి, తరిగి వరసల మధ్య పరుస్తారు. మన రెల్లు లాగే తెల్లటి వెన్నులు వేసే గడ్డి అది. కలుపుని అణుస్తుంది, నేల తడి నిలుపుతుంది, చివికి ఎరువవుతుంది. షిజుఓకాలో తరతరాలుగా ఉన్న ఈ పద్ధతిని 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. గుర్తింపు సరే, కోసే చేతులు మాత్రం డెబ్భై దాటినవి.

వీళ్లు మందులు మానేసి దాదాపు ముప్పై ఏళ్లు. కొట్టిన ప్రతిసారీ పెద్దాయన రెండు రోజులు తలనొప్పితో, వాంతులతో పడుకునేవారట. మామ్మగారే "ఇక చాలు" అన్నారట. మానేసిన మొదట్లో ఆకుమచ్చ తెగులు, చిగుళ్లని చుట్టేసే పురుగులు కలిసి తోటని గోధుమరంగు చేశాయట. ఇప్పుడు మొదటి కోత అవగానే చాలా మడుల్లో పొద తల లోతుగా కత్తిరించేస్తారు, తెగులుకి ఆసరా దొరక్కుండా. దాంతో ఆ మడుల్లో రెండో కోత పోయినట్టే. ఆ పోయిన కోత ధర కూడా మీ 1,500 యెన్లలో ఉంది.

పొట్లం మీద ఆకు బొమ్మతో జాస్ అనే ముద్ర, దాని కింద తనిఖీ చేసిన సంస్థ పేరు ఉన్నాయేమో చూడండి. ఆ ముద్ర లేకుండా ఇక్కడ టీని ఆర్గానిక్ అని అమ్మకూడదు. టీ లాంటి బహువార్షిక పంటకి ముద్ర రావాలంటే కోతకి ముందు కనీసం మూడేళ్లు నిషేధించిన మందు, ఎరువు ఏదీ ఆ నేల మీద పడకూడదు.

జవాబు 2 (కూనూరు నుంచి)

నేను నీలగిరుల్లో టీ ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. పైన చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. మన ఇళ్లలో వాడే సీటీసీ టీ బాగా పులిసిన ఆకు, గుళికలుగా నలిగినది. మరిగిస్తేనే సారం దిగుతుంది, పాలు ఆ వగరుని పట్టేస్తాయి. సెంచా పులియని ఆకు, కాబట్టి పాలు కుదరవు.

ఒక సందేహం. కష్టం అర్థమైంది, దానికి ధర ఇవ్వాల్సిందే. కానీ తాగేవాడికి రుచిలో తేడా తెలుస్తుందా?

జవాబు 1 (హమమత్సు నుంచి)

మంచి ప్రశ్న, ఉన్నదున్నట్టు చెప్తాను. ఆర్గానిక్ కాబట్టి రుచి ఎక్కువ అని నేను అనను. నత్రజని బాగా వేసిన తోటలో థియనిన్ ఎక్కువ, ఆ టీ చిక్కగా, సూపులా నోరంతా పరుచుకుంటుంది. వీళ్ల టీ పలుచన, తేట. నోట్లో పోసుకోగానే పెద్దగా ఏమీ అనిపించదు. మింగాక, ఊపిరి వదిలినప్పుడు ముక్కులో తడి గడ్డి వాసన వస్తుంది, చాలాసేపు ఉంటుంది. నాకు అదే ఇష్టం. కొండ మీద రాత్రి చలికి చిగురు నెమ్మదిగా ఎదుగుతుంది, లేతగా ఉంటుంది. అందుకని ఆవిరి కూడా తక్కువసేపే పడతారు. కింద మకినోహర పీఠభూమిలో ఎండకి ఆకు మందంగా వస్తుంది, అక్కడ ఆవిరి ఎక్కువసేపు పట్టి ముదురు ఆకుపచ్చ టీ చేస్తారు. చిక్కటిది కావాలంటే అది కొనుక్కోవచ్చు, తప్పులేదు.

ప్రశ్న అడిగినవారు (రాజమండ్రి నుంచి)

మీరు చెప్పినట్టే చేశాను. మూడు గ్లాసులు మార్చి, నిమిషం ఆగి వంచాను. లేత పసుపులో వచ్చింది, చేదు అసలు లేదు! అన్నయ్యకి వీడియో కాల్‌లో చూపించాను, వాడి ముఖం చూడాలి. పొట్లం మీద మీరు చెప్పిన ముద్ర కూడా ఉంది. అమ్మ ఒక గుక్క తాగి "పచ్చి బఠాణీలు ఉడికించిన నీళ్లలా ఉంది, బాగానే ఉంది, కానీ నా టీ నాకు కావాలి" అంది. పాలు పోసుకునే టీ అలాంటి తోటల్లో ఏదైనా ఉంటుందా? అన్నయ్య మళ్లీ వచ్చేటప్పుడు తెమ్మంటాను.

జవాబు 1 (హమమత్సు నుంచి)

చాలా సంతోషమండీ. ఉంది. వకోచా అని అడగమనండి, అంటే జపాన్‌లో చేసిన బ్లాక్ టీ. దీనికి మన దేశంతో చుట్టరికం ఉంది. 1870ల్లో జపాన్ ప్రభుత్వం తదా మోతోకిచి అనే ఆయన్ని టీ నేర్చుకోవడానికి మన దేశం పంపింది. డార్జిలింగ్, అస్సాం తిరిగి, విత్తనాలు పట్టుకుని షిజుఓకా వచ్చారు. ఆ విత్తనాల సంతతి నుంచి బెనిహోమారె అనే రకం వచ్చింది. దాన్ని డార్జిలింగ్ నుంచి వచ్చిన ఇంకో మొక్కతో కలిపితే పుట్టింది బెనిఫూకి. నేను పనికి వెళ్లే తోటలో పై మడి నిండా అదే.

ఆ మడిని వాళ్లు మేలో కత్తిరించరు. వేసవిలో పచ్చదోమ అనే చిన్న పురుగు వచ్చి లేతాకు రసం పీలుస్తుంది. ఆకు అంచులు పసుపు తిరిగి, ముడుచుకుని, ఎందుకూ పనికిరానట్టు కనిపిస్తుంది. ఆ కాటు తిన్న ఆకులోనే తేనె లాంటి వాసన పుడుతుంది. మందు కొట్టే తోటలో దోమ ఉండదు, ఆ వాసనా ఉండదు. మొదటిసారి జూలైలో వెళ్లినప్పుడు కోడలు ముడుచుకున్న చిగురు ఒకటి నా అరచేతిలో పెట్టి "ఇదే మా జూలై" అంది. వాడబెట్టి, నలిపి, పులియబెట్టాక షెడ్డు తలుపు తీస్తే పనసతొన వాసన గుప్పుమంది. నాకు మా అమ్మమ్మగారి ఊరు గుర్తొచ్చింది. అమ్మగారికి అది పాలతో బాగుంటుంది. మొదట ఒకసారి మాత్రం పాలు లేకుండా రుచి చూడమనండి.

ఇంకో సంగతి, మర్చిపోయాను. సెంచా రెండు మూడు సార్లు వడకట్టాక ఆకు పారేయకండి. ఇక్కడ సోయా సాస్ చుక్క వేసుకుని తింటారు. నేను నీళ్లు పిండేసి పెసరపప్పులో వేస్తాను, చింతచిగురు వేసినట్టే. దీనికి పులుపు ఉండదు కాబట్టి దించాక నిమ్మకాయ పిండండి. ఎండుమిర్చి, వెల్లుల్లి పోపు పెట్టండి.