18, 17, 16, 16, 14, 13 పడ్డాయి గురూ! ఉంచుకోవాలా, మళ్లీ వెయ్యాలా? ఉంచుకుంటే ఏ క్లాస్?

ఉప్పుగాలి (ఆదివారం, రాత్రి 10:20)

విశాఖ ఎంవీపీ కాలనీలో ప్రతి ఆదివారం సాయంత్రం కూర్చునే చిన్న గుంపు మాది. డీఎం (ఆట నడిపించేవాడు) కాక ఐదుగురం. ఆడేది డీఎన్‌డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, తలా ఒక పాత్ర వేసుకుని పాచికలతో కథ నడిపే ఆట) ఐదో ఎడిషన్, అదీ 2014 పుస్తకం. హుద్‌హుద్ వచ్చిన ఏడాదే వచ్చింది కాబట్టి మావాళ్లు దాన్ని తుఫాను పుస్తకం అంటారు. 2024లో కొత్తది వచ్చినా మా డీఎం దాని జోలికి పోడు.

ఇవాళ కొత్త కాంపెయిన్‌కి (వారాల తరబడి సాగే కథ) క్యారెక్టర్లు వేసుకున్నాం. నాలుగు ఆరుముఖాల పాచికలు వేసి, అన్నిటికన్నా తక్కువ పడ్డది పక్కన పెట్టి, మిగిలిన మూడూ కూడాలి. అలా ఆరుసార్లు, ఆరు స్టాట్లకి: స్ట్రెంత్ (బలం), డెక్స్టెరిటీ (చురుకు), కాన్స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం), ఇంటెలిజెన్స్ (తెలివి), విజ్డమ్ (వివేకం), కరిష్మా (ఆకర్షణ). ఏ అంకె దేనికన్నది మన ఇష్టం. పాచికలు సోఫా కిందికి దొర్లిపోతున్నాయని స్టీలు కంచంలో వేస్తాం. అందుకని ఎవరికేం పడిందో అందరూ చూశారు, దొంగాట అనడానికి లేదు. పాచికలు కూడా నావి కావు, అరువు తీసుకున్నవి.

నాకు పైన రాసినవి పడ్డాయి. మొత్తం 94. నా తర్వాత వేసిన మిత్రుడికి 15, 13, 12, 11, 10, 8. మొత్తం 69. అతని క్లాస్ (పాత్ర వృత్తి) బార్డ్, అంటే పాటగాడు. మిగతావాళ్లు రోగ్ (దొంగ), క్లెరిక్ (పూజారి), రేంజర్ (అడవి వేటగాడు). వాళ్లకి డెబ్బై చిల్లర పడ్డాయి.

పడ్డప్పుడు అందరూ ఈలలు వేశారు. కానీ కిందికి దిగేటప్పుడు లిఫ్టులో ఆ మిత్రుడు ఒక్క మాట మాట్లాడలేదు. అప్పట్నించీ మనసు పీకుతోంది. ఇవి ఉంచుకోవడం న్యాయమేనా? ఉంచుకుంటే ఏం చెయ్యాలి?

ములగాడ_మాంక్ (రాత్రి 10:31)

ఏటి గురూ, ఇదో ప్రశ్నేటి? పేకలో పంచగానే షో పడితే ముక్కలు తిరిగిచ్చేస్తావేటి?

మాంక్ (ఒట్టి చేతుల్తో కొట్లాడే సన్యాసి) చెయ్యి. జాతి వుడ్ ఎల్ఫ్ తీసుకో. జాతి బోనస్ కింద డెక్స్టెరిటీ 18కి రెండు కలిపితే 20, విజ్డమ్ 17కి ఒకటి కలిపితే 18. మాంక్ ఏసీ అంటే పదికి ఆ రెండు మాడిఫయర్లూ (స్టాట్‌ని బట్టి పాచిక మీద కలిసే అంకెలు) కలపడమే. 10, 5, 4. మొత్తం 19! (ఏసీ అంటే మన ఉక్కపోతకి పెట్టుకునేది కాదు, నీకు దెబ్బ తగలాలంటే శత్రువు అందుకోవాల్సిన అంకె, కొత్తగా చదివేవాళ్లకి చెప్తన్నాను.) ఒంటి మీద చొక్కా తప్ప ఏటీ లేకుండా మొదటి లెవెల్‌లోనే 19. నిలువెత్తు ఇనప కవచానికి 1500 బంగారు నాణేలు పోసినా వచ్చేది 18.

అదే మామూలు 15, 14తో మాంక్ చేస్తే ఏసీ 15 దగ్గరే ఆగిపోతాది. నేను మూడేళ్లు అలగే ఆడాను. తన్నులు తినీ తినీ ఒళ్లు హూనమైపోయింది. నీకు పడ్డ అంకెలు ఆకలితో ఉన్న క్లాస్‌కి పెట్టు, కడుపు నిండినోడికి పెట్టకు.

లెక్కలపిచ్చి (రాత్రి 10:52)

ముందు ఇది ఎంత అరుదో చెప్తాను. నాలుగు పాచికలు 1296 రకాలుగా పడొచ్చు. తక్కువది తీసేశాక 18 వచ్చేవి వాటిలో 21. 16 గానీ అంతకుమించి గానీ వచ్చేవి 169, అంటే నూటికి 13. ఆరుసార్లు వేస్తే కనీసం నాలుగు సార్లు 16 గానీ ఆపైన గానీ రావడం సుమారు 287 మందిలో ఒకరికి జరుగుతుంది. లాటరీ అంత అరుదేం కాదు. ఊళ్లో ఎవరో ఒకరికి పడాల్సిందే, ఈసారి మీకు పడింది.

ఈ పద్ధతిలో ఆరింటికీ కలిపి సగటు 73కి కొంచెం పైన. పుస్తకం ఇచ్చే రెడీమేడ్ సెట్ 15, 14, 13, 12, 10, 8. అది 72. అంటే మీ మిత్రుడి 69 ఏమంత ఘోరం కాదు. అతను మామూలు మనిషి, మీరు మామూలు కాదు. అతనికి తగ్గలేదు, మీకు పెరిగింది.

కానీ ఆటలో నడిచేది అంకె కాదు, మాడిఫయర్. మీ ఆరూ కలిపితే +16. అతనివి కలిపితే +3. ఇరవై ముఖాల పాచిక మీద ఒక్కో +1 ఒక్కో ముఖం. గోబ్లిన్ అనే చిల్లర రాక్షసుడి ఏసీ 15 కదా, దాడికి +7 ఉన్నవాడు 8 పడితే కొడతాడు, +5 ఉన్నవాడికి 10 పడాలి. నూటికి 65, నూటికి 55. ఇరవై దెబ్బల్లో తేడా రెండు దెబ్బలు. యుద్ధం విషయంలో అయితే లిఫ్టులో మౌనం వహించాల్సినంత లేదు.

ఎర్రదిబ్బలు (రాత్రి 11:05)

మాంక్ వద్దు. మంచి అంకెలు పడ్డాయి కదా అని ఆరింటినీ వాడి తీరాలన్న రూలేమన్నా ఉందా? నోమ్ (పొట్టి జాతి) విజార్డ్ (మంత్రగాడు) చెయ్యండి. ఇంటెలిజెన్స్ మొదటి రోజే 20, స్పెల్ డీసీ (మీ మంత్రం తప్పించుకోవాలంటే శత్రువు అందుకోవాల్సిన అంకె) 15. స్టాట్ పెంచుకోవడానికని పుస్తకం నాలుగో లెవెల్‌లోనూ, ఎనిమిదో లెవెల్‌లోనూ ఇచ్చే అవకాశాలు మీకు అక్కర్లేదు, రెండూ ఫీట్లకి (ప్రత్యేక విద్యలు) పెట్టుకోవచ్చు. మిగతా విజార్డులు 20 చేరడానికి ఎనిమిదో లెవెల్ దాకా పాకుతుంటారు.

లెక్కలపిచ్చి (రాత్రి 11:12)

మీరే చెప్పారుగా, ఎనిమిదో లెవెల్‌కి వాళ్లూ 20కి చేరతారు. అప్పుడు మీ 17, రెండు 16లూ దేనికి? ఒక్క స్టాట్ మీద బతికే క్లాస్‌కి ఈ సెట్ ఇవ్వడమంటే అద్దెకున్న ఇంటికి పాలరాయి పరవడమే.

ఎర్రదిబ్బలు (రాత్రి 11:15)

ఎనిమిదో లెవెల్ దాకా సాగిన కాంపెయిన్ ఈ ఊళ్లో ఒక్కటి చూపించండి. పరీక్షలు, పెళ్లిళ్లు, బెంగళూరు ఉద్యోగాలు. నాలుగో లెవెల్ దాటితే గొప్ప.

(ఈ మాటకి నాకైతే జవాబు లేదు. — ఉప్పుగాలి)

తెరవెనక (రాత్రి 11:40)

ఆరేళ్లుగా డీఎంగా కూర్చుంటున్నాను. మీరంతా ఏసీ, డీసీ అంటూ కత్తియుద్ధం లెక్కే వేస్తున్నారు. గొడవ అక్కడ రాదు.

గాజువాకలో మేం ఆడిన ఒక కాంపెయిన్‌లో ఇలాగే ఒకడికి 90 దాటాయి. మంచి కుర్రాడు, మోసం లేదు. కానీ తాళం తియ్యాలంటే "నేను వేస్తా" అనేవాడు. కాపలావాణ్ణి మాటల్లో పెట్టాలంటే "నాకే ఎక్కువ ఉంది, నేనే వేస్తా." అడుగుల జాడ వెతకాలన్నా అతనే. రూలు ప్రకారం తప్పేం లేదు, ఎవరైనా వెయ్యొచ్చు. నాలుగో ఆదివారం వచ్చేసరికి పక్క కుర్రాడు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. ఐదో ఆదివారం రాలేదు. కడుపునొప్పి అన్నాడు. ఆరో వారం కూడా కడుపునొప్పే.

కాబట్టి నా టేబుల్ మీదైతే పాచికలు లేవు. పాయింట్ బై. అందరికీ 27 పాయింట్లు, వాటితో స్టాట్లు కొనుక్కోవడమే, ఏదీ 15 దాటదు, 8కి తగ్గదు. జాతికొచ్చే బోనస్ ఆ తర్వాత. ఉప్పుగాలి గారూ, మీ డీఎంకి చెప్పి మళ్లీ మొదలుపెట్టండి.

ములగాడ_మాంక్ (రాత్రి 11:46)

27 పాయింట్లంటే రేషన్ షాపేటి గురూ? అందరికీ అంతే కందిపప్పు! పాచిక వెయ్యకుండా ఆడే ఆట మా ఇంట్లో వైకుంఠపాళి కూడా కాదు.

కంచరపాలెం_క్లెరిక్ (అర్ధరాత్రి 12:04)

మధ్యస్థంగా ఒకటుంది. ఆ 94 సెట్‌నే అందరూ వాడుకోండి. పాచికలు వేసిన మజా వేసినట్టే ఉంటుంది, అసూయ ఉండదు. రాక్షసుల్ని డీఎం కాస్త పెంచుకుంటాడు.

తెరవెనక (అర్ధరాత్రి 12:09)

ఆ "కాస్త పెంచుకోవడం" ఎవరు చేస్తారో వాళ్లనడగండి.

పాతపోస్టాఫీసు (సోమవారం, ఉదయం 6:50)

బీచ్ నడక ముగించుకొచ్చి చదువుతున్నాను. వయసులో మీ అందరికన్నా పెద్దవాణ్ణి. ఓడల్లో పనిచేసే రోజుల్లో ఈ ఆట నేర్చుకున్నాను, తొలి ఏడీఎన్‌డీ (అడ్వాన్స్‌డ్ డీఎన్‌డీ) పుస్తకాలతో. 1978 నాటి ఆ పుస్తకంలో పాలడిన్ (ధర్మవీరుడు) చెయ్యాలంటే కరిష్మా కనీసం 17 ఉండాలి. మా టేబుల్ మీద మూడు పాచికలే, మార్చుకోవడం లేదు. 17 గానీ 18 గానీ పడేది 216లో నాలుగు సార్లు. పాలడిన్ పడ్డవాడికి ఆ రాత్రి డెక్కు మీద అందరం టీ ఇప్పించేవాళ్లం. అదృష్టం పడితే అసూయపడాలన్న ఆలోచనే రాలేదు, వేడుక చేసుకున్నాం.

అబ్బాయ్, నువ్వు పాలడిన్ చెయ్యి. మీ ఐదో ఎడిషన్లో కూడా ఆ రుచి మిగిలే ఉంది. ఆరో లెవెల్‌లో ఆరా ఆఫ్ ప్రొటెక్షన్ వస్తుంది. స్పృహలో ఉన్నంతసేపు నీకూ, నీకు పది అడుగుల్లో ఉన్న నీవాళ్లందరికీ సేవింగ్ త్రోల (ఆపద తప్పించుకోడానికి వేసే పాచికల) మీద నీ కరిష్మా మాడిఫయర్ కలుస్తుంది. హాఫ్ ఎల్ఫ్ అయితే నీ కరిష్మా 20. అంటే అందరికీ +5. రెడీమేడ్ సెట్‌తో చేసిన పాలడిన్ ఆ లెవెల్‌కి ఇచ్చేది మామూలుగా +3. నీకు పడ్డది నీ దగ్గరే దాచుకోకుండా ఆ బార్డ్ కుర్రాడికీ పంచినట్టు. స్ట్రెంత్ 18, కాన్స్టిట్యూషన్ 16 ఎలాగూ ఉన్నాయి.

ఉప్పుగాలి (ఉదయం 8:15)

మాస్టారూ, రాత్రంతా తెగనిది మీ మాటతో తెగింది. పాలడిన్ ఖాయం.

అరవైతొమ్మిది (ఉదయం 9:02)

ఖాయం చెయ్యకు. ఆ 69 నాదే. లింకు మన రేంజర్ పంపాడు.

మొదటి సంగతి, లిఫ్టులో నేను మాట్లాడకపోవడానికి కారణం నీ పాచికలు కాదు. మురీ మిక్స్చర్‌లో పచ్చిమిరపకాయ కొరికాను.

రెండో సంగతి. పెద్దాయన మాట మీద గౌరవంతోనే చెప్తున్నా, పాలడిన్ నన్ను కాపాడదు, నా పని లాక్కుంటుంది. లెక్క చూడు. నా కరిష్మా 15, నేనూ హాఫ్ ఎల్ఫ్ కాబట్టి 17. మాడిఫయర్ +3, పర్సుయేషన్‌లో (మాటలతో ఒప్పించడం) ప్రొఫిషియెన్సీ (శిక్షణ) +2, మొత్తం +5. నీ కరిష్మా 20. పర్సుయేషన్ అనే మాటే నువ్వు నేర్చుకోకపోయినా నీకూ +5. నేను చదివి రాసిన పరీక్షలో నువ్వు చదవకుండా నాకొచ్చినన్ని మార్కులే తెచ్చుకుంటావు. మూడో లెవెల్‌లో ఎక్స్‌పర్టీస్ (రెట్టింపు ప్రొఫిషియెన్సీ) వచ్చేదాకా నేను వీణ పట్టుకుని నీ వెనక నిలబడాలి. ఆరో లెవెల్‌లో నువ్విచ్చే +5 కోసం రెండు లెవెల్స్ మౌనవ్రతమా?

మాంక్ చేస్తే ఇదే గోల రోగ్‌తో వస్తుంది, నక్కి నడవడం వాడి బతుకుతెరువు. విజ్డమ్ 18 అంటే క్లెరిక్ కూడా అలుగుతాడు. నువ్వు ఎంత బలంగా ఉన్నావన్నది నాకు పట్టదు. ఎక్కడ బలంగా ఉన్నావన్నదే పడుతుంది.

మళ్లీ వెయ్యొద్దు. అలా వేస్తే మాత్రం నిజంగానే కోపం వస్తుంది, జాలిపడి చేసినట్టుంటుంది.

తెరవెనక (ఉదయం 9:20)

నేను చెప్పిందే ఇంతకన్నా బాగా చెప్పాడు. మళ్లీ వెయ్యమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. పాయింట్ బై మాట మాత్రం వెనక్కి తీసుకోను.

రుషికొండ_అల (ఉదయం 11:30)

నాకు అర్థంకానిది ఒకటి. తక్కువ అంకె ఒక్కటీ లేని పాత్రని ఎలా నటిస్తారు? నా క్యారెక్టర్‌కి ఇంటెలిజెన్స్ 7. వాడి తిక్కే మా టేబుల్‌కి నవ్వులు. అన్నీ ఉన్నవాడి కథ ఏముంటుంది?

పాతపోస్టాఫీసు (మధ్యాహ్నం 12:10)

ధర్మరాజుకి ఏ స్టాట్ తక్కువమ్మా? పాచికల పిచ్చి ఒక్కటి చాలింది అడవికి పంపడానికి. లోపం అంకెల్లోనే ఉండాలని లేదు.

బార్డ్ బాబూ, నీ మాటతో నా పాలడిన్ ఓడిపోయాడు. ఒప్పుకుంటున్నాను.

ఉప్పుగాలి (రాత్రి 9:45)

ఆఫీసులో కూర్చుని రోజంతా కాగితం మీద ఇదే కొట్టివేతలు. మా టేబుల్ మీద ఖాళీగా ఉన్న కుర్చీ ఏదా అని చూశాను. ముందు నిలబడి దెబ్బలు కాచేవాడు లేడు, పాపం క్లెరిక్కే నిలబడాలి. ఇంటెలిజెన్స్ ఎవరికీ 12 దాటలేదు.

కాబట్టి మౌంటెన్ డ్వార్ఫ్ (కొండ మరుగుజ్జు జాతి) బార్బేరియన్ (కోపంతో కొట్లాడే మొరటు యోధుడు). స్ట్రెంత్ 18కి రెండు కలిసి 20. కాన్స్టిట్యూషన్ 16కి రెండు కలిసి 18. డెక్స్టెరిటీ 16. కవచం లేకుండా ఏసీ 17, హిట్ పాయింట్లు (ప్రాణబలం) 16. రెడీమేడ్ సెట్‌తో ఇదే డ్వార్ఫ్ చేస్తే ఏసీ 14 దగ్గర ఉంటుంది. విజ్డమ్ 14, కరిష్మా 13.

మిగిలిన 17 ఇంటెలిజెన్స్‌కి పెట్టాను. బార్బేరియన్‌కి అది దేనికీ పనికిరాదని తెలుసు, కోపంలో ఉండగా మంత్రాలు కూడా వెయ్యలేడు. మామూలు అంకెలు పడ్డవాడు ఇలా దుబారా చెయ్యలేడు, నేను చెయ్యగలను. బ్యాక్‌గ్రౌండ్ (పాత్ర పూర్వకథ) సేజ్ (పండితుడు), దాంతో ఆర్కానా (మంత్రశాస్త్రం), హిస్టరీ వస్తాయి. కొలిమి దగ్గర పుట్టి, గనుల్లో శాసనాలు చదువుతూ పెరిగాడు. ఎవరైనా చరిత్ర తేదీ తప్పు చెబితే గొడ్డలి తీస్తాడు. రుషికొండ గారూ, లోపం అదే. పర్సుయేషన్, స్టెల్త్ (నక్కి నడవడం), పర్సెప్షన్ (పసిగట్టడం) ఏవీ తీసుకోలేదు. రోగ్ చేసుకునే ఇన్వెస్టిగేషన్ జోలికీ పోను.

ములగాడ_మాంక్ (రాత్రి 9:51)

17 ఇంటెలిజెన్స్ బార్బేరియనేటి గురూ! అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే. ఆ 17 విజ్డమ్‌లో పెట్టుంటే సేవింగ్ త్రోలకైనా పనికొచ్చేది కదా.

ఎర్రదిబ్బలు (రాత్రి 9:58)

ఇంటెలిజెన్స్ 17 పెట్టి విజార్డ్ చెయ్యకపోవడం నేరం. కానీ చూడాలనుంది.

అరవైతొమ్మిది (రాత్రి 10:03)

తేదీలు నువ్వు చెప్పు, పాట నేను కడతాను. రాజుగారి ముందు మాత్రం నోరు విప్పకు.

ములగాడ_మాంక్ (రాత్రి 10:10)

అంతా బాగుంది గానీ గురూ, ఆ అరువు పాచికలు ఎవరివి? ఎక్కడ కొన్నారో చెప్తే నేనూ తెచ్చుకుంటాను.

అరవైతొమ్మిది (రాత్రి 10:12)

నావే. వాడికి 94 వేసిచ్చి, తిరిగి నా చేతికొచ్చి 69 వేశాయి. ఎంత ఇస్తావు?