పెదవులు పగిలి రంగు మారడానికి కారణం నీళ్లు తాగకపోవడమేనా?

తూనీగ: పెదవులు ఎప్పుడు చూసినా ఎండిపోయి పొట్టు లేస్తున్నాయి. కింది పెదవి రంగు కూడా మారింది. ఎవరిని అడిగినా "నువ్వు నీళ్లు తాగడం లేదు" అంటారు. బాటిల్ పక్కనే పెట్టుకుని తాగుతూనే ఉన్నా. నిజంగా నీళ్లేనా కారణం?

పాతడైరీ: నీళ్లే. ఒంట్లో నీరు తగ్గితే ముందు తెలిసేది పెదవుల మీదే. మా పిల్లలకు నేనే గ్లాసులు నింపి ఇస్తాను. ఒక్కరికీ పెదవులు పగలవు.

రాత్రిబండి: జ్వరం, విరేచనాలు వచ్చి నీరు తగ్గితే పెదవులు ఎండుతాయి, కాదనను. మామూలుగా తాగే మనిషి ఇంకో రెండు లీటర్లు తాగినంత మాత్రాన పగుళ్లు మానవు. పెదవి మీద చెమట గ్రంథులుండవు, నూనె గ్రంథులూ దాదాపు ఉండవు, పైపొర బాగా పలుచన. తడిని ఆపే నూనె అక్కడ లేదు. తూనీగ గారూ, పెదవులు నాలుకతో తడుపుకుంటారా?

తూనీగ: ఏదైనా చదువుతున్నప్పుడు నాకు తెలియకుండానే తడుపుతుంటాను. పొట్టు పళ్లతో లాగేస్తాను కూడా.

రాత్రిబండి: అక్కడే ఉంది తంటా. ఉమ్మి ఆరిపోతూ ఉన్న తడిని కూడా లాక్కుపోతుంది. పైగా అందులో తిండిని అరిగించే ఎంజైములుంటాయి, అవి పలుచని చర్మానికి మంట పుట్టిస్తాయి. మంట పుడుతోందని మళ్లీ నాలుకతో తడుపుతాం. నోటితో గాలి పీల్చుతూ నిద్రపోయే వాళ్లకూ పొద్దున్న లేచేసరికి ఇదే పరిస్థితి.

పెన్నుమూత: లిప్ బామ్ రాస్తే పోయేదానికి ఇంత చర్చ ఎందుకండీ.

నీలిమేఘం: ఏ బామ్ అన్నది ముఖ్యం. మెంథాల్, కర్పూరం, సువాసనలు కలిపినవి రాయగానే చల్లగా ఉంటాయి, కాసేపటికి ఇంకా మండుతాయి. నాకు దాల్చినచెక్క వాసన ఉన్న టూత్‌పేస్ట్ పడలేదు. పెదవుల చుట్టూ ఎర్రగా కందిపోయేది. చర్మ డాక్టరు వీపు మీద, ఏది పడటం లేదో తేల్చే ప్యాచ్ టెస్ట్ పెడితే గానీ అదేనని తెలియలేదు. ఇప్పుడు ఏ వాసనా లేని పెట్రోలియం జెల్లీ ఒక్కటే వాడతాను.

పాతడైరీ: ఒకరు నాలుక అంటారు, ఒకరు పేస్ట్ అంటారు. నేను అడిగేది ఒక్కటే. నీళ్లు తగ్గితే పెదవులు ఎండుతాయా, ఎండవా?

రాత్రిబండి: ఎండుతాయి. ఎండిన ప్రతి పెదవికీ అదే కారణం అంటేనే నాకు అభ్యంతరం. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ వాడే వాళ్లలో దాదాపు అందరికీ పెదవులు పగులుతాయి. నోటి మూలలు చీలితే దాని వెనక ఈస్ట్ అనే ఫంగస్ ఇన్ఫెక్షన్ ఉండొచ్చు, ఐరన్ లోపమో బి2 లోపమో ఉండొచ్చు, కట్టుడు పళ్లు సరిగ్గా కుదరకపోయి ఉండొచ్చు. వీటిలో ఏది నీళ్లతో తగ్గుతుంది?

పాతడైరీ: సరే, ఎండడం సంగతి వదిలేయండి. నల్లబడటం? అది సిగరెట్టే. పెదవులు చూస్తే మనిషి అలవాటు తెలిసిపోతుంది.

నీలిమేఘం: ఈ మాట నేను చిన్నప్పటి నుంచీ పడుతున్నాను. నావి పుట్టుకతోనే నల్లటి పెదవులు, మా అమ్మవీ అంతే. సిగరెట్ ఎప్పుడూ ముట్టలేదు. ఉద్యోగం ఇంటర్వ్యూలో ఒకాయన నా మొహం చూసి "రోజుకి ఎన్ని కాలుస్తారు" అని అడిగాడు. ఇంటికొచ్చి బ్రష్‌తో రక్తం వచ్చేదాకా రుద్దుకున్నాను. రుద్దిన చోట పుండు మానింది గానీ అంతకు ముందు లేని మచ్చ మిగిలింది. చర్మం గాయపడి మానేటప్పుడు దానికి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ తయారవుతుంది, అందుకని. ఇలా తేలిగ్గా అనేసే వాళ్లకి ఇదంతా తెలియాలి.

పాతడైరీ: మా తమ్ముడి పెదవులు నా కళ్ల ముందే నల్లబడ్డాయి. అడిగితే ఎండ అన్నాడు, మందులు అన్నాడు. మర్యాదకి పోయి ఇంట్లో ఎవరూ గట్టిగా అడగలేదు. ఇప్పుడు మెట్లెక్కలేడు, నాలుగడుగులేస్తే ఆయాసం. మనిషిని చూసి అడగకూడదంటే నేను ఒప్పుకోను.

రాత్రిబండి: మీ బాధ అర్థమైంది. కానీ మీరిక్కడ అడగలేదు, తేల్చేశారు. తూనీగ గారు రంగు మారిందన్నారు, ఏ రంగని కూడా కనుక్కోకుండా నీళ్లన్నారు. తప్పంతా మనిషిదేనని ముందే అనుకుంటే అసలు జబ్బు కనపడదు. తూనీగ గారూ, ఏ రంగులోకి మారింది?

తూనీగ: తెల్లగా. గరుగ్గా కూడా ఉంది, వేలు పెడితే గరుకు కాగితంలా తగులుతుంది. పెదవి అంచు గీత కూడా సరిగ్గా కనిపించడం లేదు. నాది ఏళ్ల తరబడి ఎండలో నిలబడే పని.

రాత్రిబండి: అయితే బామ్ మార్చి చూద్దామని ఆగకండి. ఎండ వల్ల కింది పెదవికి ఆక్టినిక్ కైలైటిస్ అని వస్తుంది, అది కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. చర్మ డాక్టరుకు చూపించండి. అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఎండలోకి వెళ్లేటప్పుడు ఎండ దెబ్బ ఆపే ఎస్‌పీఎఫ్ 30 ఉన్న బామ్ రాసుకుని, అంచున్న టోపీ పెట్టుకోండి.

గాలివాన: ఇంకోటి. పెదవులు ఉన్నట్టుండి నీలంగా మారి ఆయాసం వస్తే ఇలా ఇక్కడ అడుగుతూ కూర్చోవద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఆక్సిజన్ తగ్గితే అలా అవుతుంది.

తూనీగ: రేపటికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

పాతడైరీ: తప్పకుండా చూపించుకోండి. సిగరెట్ సంగతి మాత్రం నేను అందరినీ అడుగుతూనే ఉంటాను.

నీలిమేఘం: డాక్టరు అడిగితే చెప్తాను. మీకు చెప్పాల్సిన పని నాకు లేదు.