మన ఒంగోలు ఆవుకు బ్రెజిల్ సెమెన్ వేయించడం తప్పా?

ప్రశ్న (మద్దిపాడు వైపు నుంచి)

మా ఇంట్లో రెండు ఒంగోలు ఆవులు, ఒక పెయ్య ఉన్నాయి. ట్రాక్టర్ కొన్నాక ఎద్దుల్ని అమ్మేశాం గానీ, నాన్న ఆవుల్ని మాత్రం వదల్లేదు. వరి కోశాక మాగాణిలో పిల్లిపెసర చల్లేది కూడా వాటి కోసమే.

సంక్రాంతికి వచ్చిన మా బావ ఫోన్‌లో వియాటినా-19 వీడియో చూపించాడు. బ్రెజిల్ నెలోర్ ఆవు, 1,101 కిలోలు, ప్రపంచంలో అత్యంత ఖరీదైన ఆవుగా గిన్నిస్‌కు ఎక్కింది. "మామయ్యా, ఇక్కడి నుంచి పోయిన జాతే ఇది. వాళ్ళు ఎక్కడికి తీసుకెళ్ళారో చూడు, మీరు ఇంకా ఊరి ఆంబోతు దగ్గరే ఉన్నారు" అన్నాడు. నాన్న ఏమీ అనలేదు. రాత్రి అన్నం మాత్రం సగంలో వదిలేసి, పాకలోకి వెళ్ళి చాలాసేపు కూర్చున్నాడు.

పెద్దావు ఎదకొస్తే ఈసారి బ్రెజిల్ సెమెన్ సంపాదించి సూది వేయిద్దామని బావ పట్టు. ఊరి ఆంబోతుకే దాటించాలని నాన్న పట్టు. బావ మాటలో నిజం ఉందనిపిస్తోంది, నాన్న ముఖం చూస్తే మనసు రావడం లేదు. టెన్షన్‌గా ఉంది. తాతల పద్ధతి పట్టుకుని ఉండటమంటే వెనకబడటమేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు (పశువైద్యశాలలో పనిచేసి రిటైరయినవాడిని)

అబ్బాయ్, ముందు మీ నాన్న పక్కన కూర్చుని, ఊరి ఆంబోతును ఎట్లా ఎంచేవాళ్ళో అడుగు. "అచ్చోసిన ఆంబోతు" అంటే ఇప్పుడు తిట్టు. ఆ అచ్చు వెనక పెద్ద పద్ధతి ఉండేది. ఇంటి పెద్ద పోతే ఆయన పేరున కోడెదూడను వదిలేవాళ్ళు. ఏదో ఒక దూడను తోలేస్తే ఊరు ఒప్పుకునేది కాదు. నాలుగు ఇళ్ళ దూడల్ని పక్కపక్కన నిలబెట్టి మూపురం, గంగడోలు, కాళ్ళ నిలకడ, తల్లి పాలు అన్నీ చూసి ఒకదాన్ని ఏరేవాళ్ళు. అచ్చు వేసి వదిలాక అది ఎవరి చేలో మేసినా కొట్టేవాళ్ళు కాదు, ఊరి ఆవులన్నిటికీ అదే దిక్కు. పక్క ఊరి ఆంబోతు కంటే మనది తీసికట్టు కాకూడదన్న పట్టింపు గట్టిగా ఉండేది. ఒంగోలు, కందుకూరు తాలూకాల్లో జాతి నిలబడింది ఆ పోలిక వల్లే. మీ నాన్న పట్టుకున్నది పాతదే, కానీ ప్రతి తరం కొత్తగా ఏరుకుంటేనే అది పాతదయ్యేదాకా బతికింది.

బ్రెజిల్‌వాళ్ళకు ఈ జాతి మన నెల్లూరు పేరుతో చేరింది. 1960ల మొదట్లో వెళ్ళిన ఆంబోతుల్లో ఒకదానికి ఒంగోలు పక్కనున్న కరవది పేరే ఉంది. అక్కడి మందల్లో దాని సంతతి చాలా విస్తరించింది. వాళ్ళు చేసిన కొత్త పని, తల్లిదండ్రుల వివరాలు, బరువులు పుస్తకంలో రాయడం, పిండ మార్పిడి (మేలైన ఆవు పిండాన్ని వేరే ఆవు కడుపులో పెంచడం) లాంటివి వాడటం. ఏరడం మనదే, రాయడం వాళ్ళది.

అయితే వాళ్ళు ఏరింది మాంసం కోసం. మనవాళ్ళు ఏరింది నాగలికి, బండికి, ఎండకు. 1,101 కిలోల ఆవును మీ పాకలో కట్టి జొన్నచొప్పతో మేపలేవు నాయనా. కిలోలు చూసి మీ ఆవు తక్కువని అనుకోవద్దు.

జవాబు (నాగులుప్పలపాడు నుంచి, ఎడ్లు ఉన్నాయి)

పెద్దాయన చెప్పినదానికి ఒకటి కలుపుతాను. మాకు బండలాగుడు జత ఉంది. పోటీల్లో వయసును బట్టి పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు అంటూ విభాగాలు ఉండబట్టే కోడెదూడకు ఇంకా ధర పలుకుతోంది. లేకపోతే ట్రాక్టర్ కాలంలో దాన్ని మేపేదెవరు? కాకపోతే పోటీలో అందరూ చూసేది లాగుడొక్కటే. కోడె తల్లి ఎన్ని పాలిచ్చింది, ఎన్ని ఈతలు ఈనిందని నన్ను ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. ఒకే కొలతతో పోల్చుకుంటూ పోతే మిగిలినవి చేజారిపోతాయి. నా భయం అదే. మీరు సెమెన్ తెచ్చినా తేకపోయినా, ఒంగోలు జాతిని పెంచే చదలవాడ ప్రభుత్వ పశుక్షేత్రానికి ఒకసారి మీ నాన్నను తీసుకెళ్ళండి అన్నా. మీకు దగ్గరే.

ప్రశ్న అడిగినవారు

పెద్దాయనకు, తమ్ముడికి థ్యాంక్స్. రాత్రి ఈ జవాబులు నాన్నకు చదివి వినిపించాను. "ఏరడం మనదే" దగ్గర ఆపించి, మళ్ళీ చదవమన్నాడు.

తర్వాత బావ కొనిచ్చిన డైరీలోనే రాయడం మొదలుపెట్టాం. పెద్దావు గౌరి, ఐదు ఈతలు. తల్లి లక్ష్మి, తాత ఉన్నప్పుడు కందుకూరు వైపు నుంచి తోలుకొచ్చింది. గౌరి తండ్రి మా ఊరి పాత ఆంబోతు, కుడి తొడ మీద అచ్చు. అంతకు పైన నాన్నకు గుర్తులేదు. పెదనాన్నకు తెలుస్తుందేమోనని ఆదివారం వెళ్తున్నాం.

ఇప్పుడున్న ఆంబోతుకు దాటిస్తే గౌరికి పుట్టేది సొంత రక్తానికే అవుతుందేమోనని నాన్నే అనుమానం తెచ్చాడు, ఆ రెండూ ఒకే ఆంబోతు సంతానమట. బావతో మాట్లాడాను. ముందు చదలవాడకు ముగ్గురం వెళ్తున్నాం. అక్కడ ఆంబోతుల వంశావళి అడిగితే చూపిస్తారా, ఎవరికైనా తెలుసా?