అప్‌డేట్: దగ్గినా తుమ్మినా యూరిన్ లీక్ (తగ్గింది)

రెండో కాన్పు తర్వాత దగ్గినా, తుమ్మినా, బకెట్ ఎత్తినా యూరిన్ లీక్ అవుతోందని, రెండు నెలలు కెగెల్ వ్యాయామాలు (యూరిన్ ఆపే కింది కండరాలను బిగించి వదలడం) చేసినా తగ్గలేదని ఐదు నెలల కింద ఇక్కడ అడిగాను. ధైర్యం చెప్పిన అక్కలందరికీ థ్యాంక్స్. "ఒకసారి ఫిజియోథెరపిస్ట్‌కి చూపించుకో" అన్న సలహానే పనిచేసింది.

ముందు గైనకాలజిస్ట్ యూరిన్ టెస్ట్ చేయించారు. ఇన్ఫెక్షన్ లేదు. తర్వాత ఫిజియో మేడమ్ లోపల వేలితో పరీక్షిస్తూ బిగించమన్నారు. నేను ఊపిరి బిగబట్టి కిందికి ముక్కుతున్నానట! అన్నాళ్లూ తిరగేసి చేశానన్నమాట. "గ్యాస్ ఆపుకున్నట్టు లోపలికి, పైకి లాగమ్మా. పిరుదులు బిగించకు, ఊపిరి ఆపకు" అన్నారు. మొదట్లో 3 సెకన్లు కూడా నిలవలేదు. ఇప్పుడు 8 సెకన్లు బిగించి, అంతసేపూ వదిలేస్తాను. ఇలా 10 సార్లు, రోజుకి 3 పూటలా. పూర్తిగా వదలడం కూడా అంతే ముఖ్యమట.

తుమ్ము వచ్చే ముందే బిగించడం కూడా నేర్పారు. ఆమధ్య గుడి మెట్లెక్కుతుంటే గట్టిగా తుమ్ము వచ్చింది. ఆగి, బిగించి, తుమ్మాను. ప్యాడ్ పొడిగానే ఉంది. అక్కడే కళ్లనీళ్లు తిరిగాయి.

నీళ్లు తగ్గించడం వల్ల ఏమీ ఒరగలేదు, మంట మొదలైంది. పొట్ట బెల్టు వల్ల కూడా లీక్ తగ్గలేదు. యూరిన్ మధ్యలో ఆపి ప్రాక్టీస్ చేయడం మానేయమన్నారు.

తేడా తెలియడానికి ఆరు వారాలు, ప్యాడ్ మానేయడానికి నాలుగు నెలలు పట్టింది. వ్యాయామం మాత్రం ఇంకా చేస్తూనే ఉన్నాను.