పాత పైథాన్ సర్వీసు మొత్తాన్ని గో భాషలోకి తిరగరాయాలా?

సుధీర_కోడ్:
ఏళ్లుగా ప్రొడక్షన్‌లో నడుస్తున్న పెద్ద పైథాన్ సర్వీసు. లోడ్ పెరిగితే నెమ్మదిస్తోంది, మెమరీ బాగా తింటోంది. మొత్తం గోలో రాసేద్దామని టీమ్‌లో ఒక వాదన. ఎక్కడ దెబ్బ తింటామో తెలిసినవాళ్లు చెప్పండి.

నల్లతెర:
ముందు ప్రొఫైల్ (టైమ్ ఏ కోడ్‌లో ఖర్చవుతోందో చూపే లెక్క) తీయండి. పై-స్పై అనే టూల్‌ని నడుస్తున్న ప్రాసెస్‌కే తగిలించవచ్చు, రీస్టార్ట్ అక్కర్లేదు. టైమంతా డేటాబేస్ జవాబు కోసం ఎదురుచూడడంలోనే పోతుంటే ఏ భాషలో రాసినా ఆ ఎదురుచూపు తగ్గదు. క్వెరీ సరిచేస్తే, ఇండెక్స్ వేస్తే తగ్గుతుంది. సీపీయూ నిజంగానే ఏదో పార్సర్‌లోనో లెక్కల లూప్‌లోనో ఖర్చవుతుంటే ఆ ఒక్క మాడ్యూల్‌ని రస్ట్ భాషలో రాసి, రస్ట్ కోడ్‌ని పైథాన్‌కి జతచేసే పైఓ3 లైబ్రరీతో కలపండి, మిగతాది కదపొద్దు. రికార్డుకో కాల్ చొప్పున చేస్తే మాత్రం వచ్చిన లాభమంతా డేటా మార్పిడికే సరిపోతుంది. బ్యాచ్‌లుగా పంపండి.

సెమికోలన్:
నల్లతెర గారి మాట నిజమే కానీ, మొత్తం మార్చక తప్పని సందర్భాలూ ఉన్నాయి. టైప్‌స్క్రిప్ట్ కంపైలర్‌ని గోలోకి తెస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ 2025 మార్చిలో ప్రకటించింది, దాదాపు 10 రెట్ల వేగం చూపించింది. అక్కడ చూడాల్సింది వేగం ఒక్కటే కాదు. పాత కోడ్ నిర్మాణాన్ని వీలైనంతవరకు అలాగే ఉంచి పోర్ట్ చేసే దారి ఎంచుకున్నారు. రస్ట్ కాకుండా గో తీసుకోవడానికి ముఖ్య కారణమూ అదే: పాత కోడ్ గార్బేజ్ కలెక్షన్ (వాడని మెమరీని భాషే ఖాళీ చేయడం) ఉందన్న ధీమాతో, ఒకదాన్నొకటి చూపించుకునే డేటాతో నిండి ఉంది. భాష, డిజైన్ రెండూ ఒకేసారి మారిస్తే, జవాబు తేడా వచ్చినప్పుడు తప్పు ఎందులో ఉందో తేల్చలేం.

టెర్మినల్‌లో కమాండ్లు నడిపే ఫిష్ షెల్ సి++ నుంచి రస్ట్‌కి ముక్కముక్కగా వెళ్లింది, మధ్యలో రెండు భాషలూ కలిపే బిల్డ్ చేశారు. 2023 మొదట్లో మొదలైతే 4.0 వచ్చేసరికి 2025 ఫిబ్రవరి. ఈలోగా పాత సి++ కోడ్ నుంచి 3.7 కూడా విడుదల చేయాల్సి వచ్చింది. మీ షెడ్యూల్‌లో ఆ జమిలి పనికి చోటు పెట్టుకోండి.

మూడోకన్ను:
కంపైలర్ నోరెత్తదు, జవాబు మాత్రం మారిపోతుంది. అలాంటి చోట్లు చెప్తాను.

−7ని 2తో పూర్ణాంక భాగహారం చేస్తే పైథాన్ −4 ఇస్తుంది, గో −3 ఇస్తుంది. −7ని 3తో భాగించినప్పటి శేషం పైథాన్‌లో 2, గోలో −1. శేషాన్నే షార్డ్ (డేటాను పంచిన ముక్క) నంబర్‌గా వాడే కోడ్‌కి ఇది కొంప ముంచే తేడా. 2.5ని రౌండ్ చేస్తే పైథాన్ 3లో 2, గోలోని మ్యాథ్ డాట్ రౌండ్‌తో 3. పాత జవాబే కావాలంటే అదే ప్యాకేజీలో రౌండ్‌టుఈవెన్ ఉంది. పైథాన్ పూర్ణాంకానికి హద్దు లేదు, గోలో 64 బిట్లు దాటితే ఎర్రర్ లేకుండానే చుట్టు తిరిగి మైనస్‌లోకి పోతుంది.

స్ట్రింగులు మరీ జాగ్రత్త. "తెలుగు" పొడవు పైథాన్‌లో 6. గోలో లెన్ బైట్లు లెక్కపెడుతుంది కాబట్టి 18. "మొదటి 50 అక్షరాలు చాలు" అన్న కోడ్‌ని యథాతథంగా దించితే అక్షరం మధ్యలో తెగి, చెల్లని యూటీఎఫ్-8 డేటాబేస్‌లోకి చేరుతుంది.

రీజెక్స్‌లో (టెక్స్ట్‌లో వెతికే ప్యాటర్న్) లుక్‌బిహైండ్, బ్యాక్‌రిఫరెన్స్ అనే సదుపాయాలు గోలో లేవు, కానీ అవి ప్రోగ్రామ్ నడుస్తూ ఆ ప్యాటర్న్‌ని కంపైల్ చేయగానే ఎర్రర్‌గా బయటపడతాయి.

సుధీర_కోడ్:
రెండిటినీ పక్కపక్కన నడిపి పోల్చవచ్చా? డేటాబేస్‌లో రెండుసార్లు రాయడం అవదా?

నల్లతెర:
యూజర్‌కి పాతదాని జవాబే వెళ్లాలి, రిక్వెస్ట్ నకలు మాత్రం కొత్తదానికి. కొత్తది వేరే డేటాబేస్ కాపీ మీద రాయాలి. మెయిల్, పేమెంట్ లాంటి బయటి కాల్స్‌కి స్టబ్ (నిజంగా పంపకుండా జవాబిచ్చే ఉత్తుత్తి కోడ్) పెట్టండి. టైమ్‌స్టాంపులు, రాండమ్ ఐడీలు తీసేసి, గో మ్యాప్ (కీ-విలువ జతల పట్టిక) ప్రతిసారీ వేరే వరుసలో తిరుగుతుంది కాబట్టి కీలను సార్ట్ చేశాకే డిఫ్ (తేడాల జాబితా) తీయండి. తేడా వచ్చిన ప్రతి రిక్వెస్టునూ టెస్ట్‌గా దాచండి. తర్వాత ట్రాఫిక్ 1 శాతం, 5, 25 అలా పెంచండి. నెలాఖరు జాబులు ఒక్కసారైనా ఈ పోలికలో సరిపోయేదాకా పాతదాన్ని ఆపొద్దు.

సెమికోలన్:
ఇంకొకటి. ఉబుంటు లినక్స్ 25.10లో కోర్‌యుటిల్స్ (డేట్ లాంటి మామూలు కమాండ్ల ప్యాకేజీ) రస్ట్ వెర్షన్ వచ్చింది. అందులో డేట్ కమాండ్‌కి -ఆర్ ఇస్తే ఫైల్ ఎప్పుడు మారిందో చెప్పాలి. అది ఆ ఆప్షన్‌ని పట్టించుకోకుండా ఇప్పటి టైమ్ చెప్పింది, ఎర్రర్ లేదు. దాంతో ఆటోమేటిక్ అప్‌డేట్ల తనిఖీ ఆగిపోయింది. మీ గో కోడ్‌లో ఇంకా రాయని పారామీటర్ వస్తే దాటేయకుండా, దాని పేరుతో సహా ఎర్రర్ ఇచ్చి ఆగేలా మొదటి రోజు నుంచే పెట్టండి.