వేరే భాషలోని శ్లేష వివరించగానే ఎందుకు చప్పబడుతుంది?

ప్రశ్న:
జపనీస్‌లో 'ఫుతొన్ గ ఫుత్తొంద' అని ఒక చమత్కారం ఉంది. 'పరుపు ఎగిరిపోయింది' అని అర్థం. అర్థం తెలిసినా నవ్వు రావట్లేదు. అదే 'రాముని తోక, పివరుండు' అని ఎవరైనా విరిచి చదివితే చాలు, నవ్వు ఆగదు. తేడా ఎక్కడుంది? ఇలాంటివాటిని తెలుగులోకి ఎలా తేవాలి?

జవాబు 1:
అర్థాన్ని ముందు చెప్పడం వల్లే చప్పబడుతుంది. మొదట అర్థం వదిలేసి నాలుగైదుసార్లు పైకి చదవండి. 'ఫుతొన్', 'ఫుత్తొం': మధ్యలో తకారం ఒత్తు తప్ప రెండూ దాదాపు ఒకటే. పరుపు పేరే ఎగిరే క్రియలో మళ్లీ వినబడుతోంది. అది చెవికి తగిలాక అర్థం చెప్పుకోవాలి.

మీరు చెప్పిన తెలుగుది వేరే రకం. 'రామునితో కపివరుండు' అన్నచోట ఏ మాటకూ రెండర్థాలు లేవు, విరుపు మాత్రమే జరిగింది. 'తో' విభక్తి రాముణ్ణి వదిలి 'క'తో కలిసి తోకైంది. 'పివరుండు' ఏ అర్థమూ లేకుండా మిగిలిపోయింది కాబట్టి దీన్ని పూర్తి సభంగ శ్లేష (మాటను విరిస్తే ఇంకో అర్థం వచ్చే శ్లేష) అనలేం. అసలైన సభంగ శ్లేషలో రెండు విరుపులకూ అర్థం కుదరాలి. సంస్కృతంలో 'మోదకైః' చూడండి. నేరుగా చదివితే 'లడ్డూలతో', 'మా ఉదకైః' అని విడదీస్తే 'నీళ్లతో వద్దు'. ఆ, ఉ కలిసి ఓ అయ్యే గుణసంధి దీనికి కీలు, అంటే ఒక అర్థం నుంచి ఇంకో అర్థానికి తిరిగే చోటు. జలక్రీడలో రాణి ఈ మాట అంటే శాతవాహన రాజు లడ్డూలు తెప్పించాడన్న కథ అందుకే నిలిచింది.

జవాబు 2:
చైనీస్‌లో 'అదృష్టం' అనే అక్షరాన్ని తలకిందులుగా అంటిస్తారు. 'తలకిందులు', 'వచ్చింది' అనే రెండు మాటలూ 'తావ్' అనే పలుకుతాయి, స్వరం కూడా ఒకటే. తలకిందులైందంటే వచ్చేసిందన్నమాట! ఇలాంటిదాన్ని అనువదించలేం, తెలుగులో కొత్త కీలు వెతకాల్సిందే.

రెండర్థాల మాటల జాబితా రాసుకోండి: వెయ్యి, నూరు, ఆరు, చెప్పు, పాడు. అయితే మాట దొరికితే సరిపోదు, రెండర్థాలకూ వాక్య నిర్మాణం ఒకటే కావాలి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. 'బుట్టలో పళ్లు వెయ్యి' చూడండి. లెక్కా అవుతుంది, పని పురమాయించడమూ అవుతుంది. ప్రాణంలేని వస్తువు కర్మగా వచ్చినప్పుడు 'ను' లేకున్నా చెల్లుతుంది కాబట్టి ఇది సాధ్యమైంది. 'పళ్లను' అంటే లెక్క పోతుంది, 'వెయ్యి ఉన్నాయి' అంటే ఆజ్ఞ పోతుంది.

పలు–పాలు లాంటి జతలు వద్దు. హ్రస్వదీర్ఘాల తేడాని తెలుగు చెవి ఇట్టే పట్టేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
కీలు వాక్యం చివరే ఉండాలా?

జవాబు 2:
ఉంటే మేలు. రెండో అర్థం తట్టడానికి ఒక క్షణం కావాలి, వెనకే ఇంకో మాట వస్తే అది చెదిరిపోతుంది. తెలుగులోనూ జపనీస్‌లోనూ క్రియ చివర వస్తుంది కనుక క్రియనే కీలు చేసుకోండి.