నాన్నకు పార్కిన్సన్స్ మాత్రలు, కొత్తగా పేకాట. స్కాన్ తీస్తే ముందే తెలిసేదా?

కందుకూరు_పిల్ల:
మా నాన్నకు 62 ఏళ్లు. వణుక్కి లెవోడోపాతో పాటు ప్రమిపెక్సోల్ ఇచ్చారు, సంక్రాంతి తర్వాత డోసు పెంచారు. వణుకు తగ్గింది, కాదనను. కానీ జన్మలో పేక ముట్టని మనిషి ఇప్పుడు రోజూ మధ్యాహ్నం చెరువుకట్ట మీదికి పోయి ఆడుతున్నారు. పాస్‌బుక్ ఎంట్రీ వేయిస్తే రెండు వేలు, మూడు వేలు, మళ్లీ రెండు వేలు, ఒకే వారంలో అయిదుసార్లు తీసి ఉన్నారు. పైగా టార్చిలైట్లు కొంటున్నారు, నిన్న అమ్మ బీరువా తెరిస్తే పదకొండు దొర్లిపడ్డాయి. మెదడు స్కాన్ తీస్తే ఏ మందు ఎవరికి పడదో ముందే చెప్తారంట అంటాడు చెన్నైలో ఉండే మా బావ. నిజమేనా? సింగరాయకొండ దాకా పోయి ఆయన్ని రైలెక్కించడమే పెద్ద పని, అందుకే అడుగుతున్నా.

ఒంగోలు_గిత్త:
రిటైరయ్యాక ఖాళీగా ఉంటే పేకాట ఎవరైనా ఆడతారమ్మాయ్, మందు మీద నెట్టేస్తే ఎట్టా.

స్కానింగ్_రూమ్:
గిత్త అన్నా, అంత తేలిగ్గా తీసెయ్యకు. ఇది డాక్టర్లకు బాగా తెలిసిన సంగతే. అమెరికా, కెనడాల్లో 3,090 మంది రోగులను చూసి 2010లో లెక్క చెప్పారు: ప్రమిపెక్సోల్ లాంటి మందులు వాడేవాళ్లలో 17.1 శాతం మందికి జూదమో, కొనుగోళ్ల పిచ్చో, అతిగా తినడమో, ఇలాంటిదేదో ఒకటి ఉంది, వాడనివాళ్లలో 6.9 శాతమే.

ఇక స్కాన్. మామూలు ఎంఆర్ఐలో ఇది కనపడదు. ట్రోడాట్ అని ఒకటుంది, ఇంజెక్షన్ ఇచ్చి కొన్ని గంటలు కూర్చోబెట్టి తీస్తారు. మంచి మెదడులో రెండు పక్కలా కామాల్లా వెలుగుతుంది, పార్కిన్సన్స్‌లో ఆ కామాల తోకలు చెరిగి చుక్కలు మిగులుతాయి. జబ్బు ఉందో లేదో తేల్చుకోడానికి పనికొస్తుంది గానీ ఈయన పేకాడతాడు, ఈయన ఆడడు అని చెప్పదు. పరిశోధనలైతే ఉన్నాయి. 2014లో డెన్మార్క్ వాళ్లు లెవోడోపా ఇచ్చి వెంటనే, మెదడు పనిచేసే తీరు చూపే ఎఫ్‌ఎంఆర్ఐ తీస్తే, కాసేపటికి ఆ మందు వల్ల ఒళ్లు మెలికలు తిరగబోయేవాళ్ల మెదడు ముందే వేరేగా స్పందించింది. దాన్నిబట్టి ఏ మనిషికి మెలికలు వస్తాయో కూడా అంచనా కట్టారు గానీ, అది మెలికల సంగతి, పేకాట సంగతి కాదు, పైగా ఆసుపత్రుల్లో మామూలుగా చేసే పరీక్షా కాదు. ఆ స్కాన్ డబ్బులు మిగుల్చుకోండి.

కావలి_అక్క:
మా ఆయనకు చీట్ల పిచ్చి పట్టింది తల్లీ, ఊళ్లో ఎవరు వేస్తున్నా చేరిపోయేవారు. డాక్టరు అడగలేదు, ఈయన చెప్పలేదు, ఏడాది పోయింది. చివరికి నేనే లోపలికి పోయి చెప్తే డాక్టరు మందు కొన్ని వారాల పాటు కొంచెం కొంచెంగా తగ్గించారు, ఈయన నెమ్మదించారు. మీరు మాత్రం మాత్ర దాచెయ్యొద్దు, ఉన్నట్టుండి ఆపితే గుండెదడ, దిగులు పట్టుకుంటాయి. ఏటీఎం కార్డు అయితే ఇవాళే దాచు.

కందుకూరు_పిల్ల:
నాన్న ఎదురుగా చెప్పలేనక్కా, చీటీ రాసి ముందే డాక్టరు చేతికి పంపిస్తా. గురువారం పోతున్నాం. కార్డు అమ్మ పోపుడబ్బాలో పెట్టింది. పన్నెండో టార్చి మాత్రం అప్పు మీద వచ్చింది.